గంగ పేరున మీటరు

గంగ ధనవంతురాలైపోయింది. ఆ సంగతి ప్రభుత్వానికి తెలుసు, కంప్యూటరుకి తెలుసు, రేషన్ డిపోలో వేలిముద్రలు పట్టే మిషనుకి కూడా తెలుసు. తెలియనిది గంగ ఒక్కదానికే. జూలై మొదటి వారం, ముసురు పట్టిన రోజు, నెత్తిన యూరియా సంచి కప్పుకుని పనసగుడ నుంచి మూడు మైళ్లు దిగి వచ్చి, వరసలో గంటన్నర నిలబడి, తడిచేతిని పైట కొంగుకి తుడుచుకుని మిషను మీద వేలు పెట్టింది. మిషను కీచుమంది.

"నీ కార్డు లేదమ్మా" అన్నాడు డిపో అతను.

"లేదంటావేటి? ఇదిగో, సేతిలో ఉన్నాది కదా."

"చేతిలో ఉంటే చాలదు. మిషన్లో ఉండాలి. సచివాలయానికెళ్లి అడుగు. వెనకాల జనం ఉన్నారు, జరుగు జరుగు."

ఖాళీ సంచి చంకలో పెట్టుకుని గంగ సచివాలయానికి వెళ్లింది. అక్కడ రవిబాబు ఉన్నాడు. పక్క ఊరి గిరిజన కుర్రాడే. చదువుకుని, పరీక్ష రాసి, సంక్షేమం చూసే ఉద్యోగం తెచ్చుకున్నాడు. గంగని అత్తా అని పిలుస్తాడు. కార్డు నంబరు కొట్టి తెరకేసి చూశాడు. చూస్తూ చూస్తూ మొహం చిట్లించాడు.

"అత్తా, మీ ఇంట్లో కరెంటు ఎంత కాలుతున్నాది?"

"రెండు బలుపులురా నాయనా. అందులో ఒకటి మాడిపోనాది."

"నెలకి నాలుగు వేల యూనిట్లు అని చూపిస్తన్నాది."

గంగ నవ్వేసింది. ఆ గదిలో పింఛన్ల కోసం కూర్చున్న ముసలాళ్లు కూడా నవ్వారు. రవిబాబు మాత్రం నవ్వలేదు. ఆరు నెలలకొకసారి పరిశీలన ఉంటుందనీ, ఆరు నెలల కరెంటు సగటు తీసి, నెలకి మూడు వందల యూనిట్లు దాటిన వాళ్లని పేదల్లోంచి తీసేస్తారనీ నెమ్మదిగా చెప్పాడు. గంగ సగటు నాలుగు వేలు. మండలం మొత్తం మీద అంత కరెంటు కాల్చే ఇల్లు ఇంకొకటి లేదు.

"నీ ఇంటి మీటరు కాదత్తా. కొండమీద రిసార్టుది. కానీ ఆ మీటరుకి నీ పేరే ఉన్నాది, ఈ ఏడు నీ ఆధారు కూడా దానికి కలిపినారు. భూమి కూడా నీ పేరే కదా."

గంగ నవ్వు ఆగిపోయింది. ఓలమ్మో, అనుకుంది. ఆ కాగితమా!

ఆ కాగితం కథ చెప్పాలంటే పనసగుడ వాళ్లు భూమిని ఎలా చూసుకుంటారో చెప్పాలి. కొండవాలు చెక్కలో, అంటే పోడు భూమి ముక్కలో, మూడు పంటలు తీశాక నాలుగో ఏడు దాన్ని కదపరు. పడావు పెడతారు. పడుకోనిస్తారు. తుప్పలు నడుం ఎత్తు పెరిగిన నాడు మళ్లీ లేపుతారు. ఆ మధ్య కాలంలో ఎవరైనా వచ్చి పశువులు కట్టుకుంటామనో, గడ్డి కోసుకుంటామనో, పాక వేసుకుంటామనో అడిగితే కాదనరు. అడిగినవాడు ఒక ఎర్ర కోడీ, ఒక కుండ జీలుగు కల్లూ తెస్తాడు. చెక్క తలాపున ఉన్న రాతి దగ్గర కొండదేవత జాకరమ్మకి కోడిని కోస్తారు. అంతే ఒప్పందం. తుప్పలు నడుం దాకా వచ్చిన నాడు చెక్క యజమాని వచ్చి అంచున పచ్చి కొమ్మ పాతితే, వాడుకునేవాడు మారుమాట లేకుండా తట్టాబుట్టా సర్దుకుంటాడు. కోడి తెచ్చినవాణ్ణి వెనక్కి పంపిన మనిషి పనసగుడలో ఇంతవరకు పుట్టలేదు. పంపితే జాకరమ్మకి కోపం వస్తుందని భయం.

ఈ మర్యాద అంతా పూసగుచ్చినట్టు తెలిసిన మనిషి ఒకడున్నాడు. సాలూరు వరహాలరావు. ఇరవై ఏళ్లు సంతల్లో చింతపండూ పసుపూ పిప్పళ్లూ కొన్నాడు. సంతలో కొన్నాడనడం కూడా తప్పే. ఆడవాళ్లు సంతకి చేరకముందే దారి మలుపులో వ్యాను ఆపుకుని, "ఎండలో ఎందుకమ్మా అంతదూరం మోత" అని కావిళ్లు, తట్టలు అక్కడికక్కడే దింపించుకునేవాడు. గట్టిగా మాట్లాడేవాడు కాదు. పిల్లల పేర్లు, కుక్కల పేర్లు కూడా గుర్తుపెట్టుకునేవాడు. అందుకే ఆయన్ని తిట్టుకోవడం కూడా కష్టం.

గంగ మొగుడు బుధు పోయిన ఏడాదికి ఆ వరహాలరావు ఎర్ర కోడినీ కల్లుకుండనీ పట్టుకుని గుమ్మంలోకి వచ్చాడు. సామ పండించే గంగ చెక్క అప్పటికి పడావులో ఉంది. అక్కడి నుంచి చూస్తే లోయంతా కనిపిస్తుంది.

"ఊరికే పడుంది కదమ్మా గంగా. నాలుగు గుడారాలు వేసుకుంటాను. పట్నం వాళ్లొచ్చి మంచు చూసుకుని పోతారు. నీ చెక్కకి ఏటైపోద్ది?"

గంగ లోలోపల లెక్క వేసుకుంది. మూడేళ్లు, మహా అయితే నాలుగు. తుప్పలు పెరుగుతాయి, కొమ్మ పాతుతాను, సామలు చల్లుకుంటాను. కోడి తీసుకుంది. పది రోజులు పోయాక వరహాలరావు కాగితాలు తెచ్చాడు. కరెంటు కోసం అన్నాడు, పర్మిషన్ల కోసం అన్నాడు. ఏజెన్సీలో గిరిజనుల భూమి బయటివాళ్లు కొనకూడదని చట్టం ఉంది కాబట్టి అన్నీ నీ పేరునే ఉంటాయి, నీ భూమి ఎక్కడికీ పోదు అన్నాడు. అందులో అబద్ధం ఒక్కటీ లేదు. గంగ వేలిముద్రలు వేసింది.

గుడారాల కింద సిమెంటు పోశారు. సిమెంటు మీద గోడలు లేచాయి. గోడలకి అద్దాలు వచ్చాయి. బుధు సామ నూర్చిన కళ్లంలో నీలం రంగు ఈతకొలను తవ్వారు. మిగిలిన వాలంతా పచ్చగడ్డి పరిచారు. జాకరమ్మ రాయికి సున్నం కొట్టి, చుట్టూ రంగుబల్బులు చుట్టి, ఫోటోలు తీసుకునే చోటని బోర్డు పెట్టారు. నాలుగేళ్లు నిండాక గంగ వెళ్లి, "బాబూ, ఇంక నా సెక్క నాకు కావాల" అంది. వరహాలరావు ఆశ్చర్యపోయినట్టు చుట్టూ చూశాడు.

"ఏటి గంగా, నువ్వేనా ఈ మాటంటున్నావు? తుప్పలు నడుం దాకా రాకుండా పడావు తీస్తారా ఎవరైనా? జాకరమ్మకి కోపం రాదూ?"

గంగ చుట్టూ చూసింది. తుప్పేదీ? గడ్డి మడమ దాటలేదు. దాటదు కూడా. వారానికొకసారి మిషను పెట్టి కోయిస్తున్నాడు కదా! ఒళ్లు మండిపోయింది. తన మర్యాదనే తిప్పి తన మొహాన కొడుతుంటే మనిషి ఏమంటుంది? ఆయన జాలిగా చూసి, "పనిలోకి రా, నీకు లోటేటి" అన్నాడు. సామలు పోయాక తినడానికి కార్డు బియ్యం తప్ప ఇంకేం లేదు. చేతిఖర్చుకైనా పనికొస్తుందని గంగ తన చెక్కలోకే దుప్పట్లు ఉతకడానికి వెళ్లింది.

ఒకసారి మాత్రం ఆ రిసార్టుకి నిజంగానే యజమాని అయింది. ఒక గంటసేపు. రిసార్టులు ఎవరి చేతుల్లో ఉన్నాయో చూడ్డానికి ఆఫీసర్లు వస్తున్నారని మేనేజరు పరిగెత్తుకొచ్చి, సబ్బు చేతులతో ఉన్నదాన్ని లాక్కెళ్లి, కొత్త పట్టుచీర కట్టించి, ఆఫీసు గదిలో కింద చక్రాలున్న కుర్చీలో కూర్చోబెట్టాడు. కుర్చీ ఎటు జారిపోతుందోనని గంగ బల్ల పట్టుకుని కూర్చుంది. కాఫీ తెచ్చి ముందు పెట్టారు. పదేళ్ల పిల్లప్పటి నుంచి కాఫీ పళ్లు కోస్తోంది గానీ ఆ గాజుకప్పులో ఆ కాఫీ తాగడం అదే మొదలు. ఆ కప్పు కాఫీ ధర తన రోజు కూలిలో సగం అని ఆమెకు తెలుసు, బోర్డు మీద అంకెలు చదవగలదు.

"ఈ రిసార్టు మీదేనా అమ్మా?" అన్నాడు ఆఫీసరు.

"నాదే బాబూ" అంది, నేర్పినట్టే.

"ఎంతమంది పనివాళ్లున్నారు?"

ఇది నేర్పలేదు. గంగ వేళ్లు మడిచి లెక్కపెట్టుకుని, "నాతో కలిపి పన్నెండు మంది" అంది.

ఆఫీసరు తల దించుకుని ఏదో రాసుకున్నాడు. నవ్వాడో ఏమో, మీసం కదిలింది. కార్లు గేటు దాటగానే మేనేజరు చీర విప్పించి, మళ్లీ ఎప్పుడైనా అవసరం పడుతుందని బీరువాలో పెట్టేశాడు. గంగ పాత చీర కట్టుకుని, నానిపోతున్న దుప్పట్ల దగ్గరికి వెళ్లింది.

అదీ కాగితం కథ. ఇప్పుడు ఆ కాగితం వచ్చి కూటి మీద పడింది.

సచివాలయం నుంచి గంగ తిన్నగా రిసార్టుకే వెళ్లింది. వరహాలరావు ఆ రోజు కొండమీదే ఉన్నాడు. అంతా విని, "అయ్యయ్యో" అన్నాడు. నిజంగానే నొచ్చుకున్నాడు. మీటరు మీ పేరుకి మార్చుకోండి బాబూ అంటే మాత్రం తల అడ్డంగా ఊపాడు.

"నా పేరున ఎలా కుదురుతాది గంగా? చట్టం మీవైపు ఉంది. ఇక్కడ నా పేరున ఒక్క మేకు కూడా ఉండకూడదు. ఆ ముక్కిపోయిన బియ్యం కోసం ఏడుస్తావేటి? నెలకో బస్తా సన్నబియ్యం నేనిస్తాను, ఫో."

మొదటి నెల బస్తా వచ్చింది. మల్లెపువ్వుల్లాంటి బియ్యం. రెండో నెల మేనేజరు అర బస్తా ఇచ్చి, మిగతాది తర్వాత అన్నాడు. మూడో నెల నూకలు. నాలుగో నెల వంటవాణ్ణి అడగమన్నాడు. వంటవాడు పొద్దుట మిగిలిపోయిన ఫ్రైడ్ రైసు పాలిథిన్ కవరులో కట్టి ఇచ్చాడు. సోయా సాసు వాసన. గంగ ఆ కవరు పట్టుకుని గేటు దాకా వచ్చి, అక్కడే నిలబడిపోయింది. కార్డు బియ్యం ముక్కినా రాళ్లున్నా, వేలు పెట్టి తెచ్చుకునేది. హక్కుగా తెచ్చుకునేది. దీనికి వంటవాడి మొహం చూడాలి. ఛీ, ఏం బతుకిది అనుకుంది. కవరు గేటు దగ్గర కుక్క ముందు పెట్టేసి, మళ్లీ సచివాలయం దారి పట్టింది.

"రవిబాబూ, నా కార్డు నాకెలా వొస్తాది? సుట్టూ తిప్పకుండా సెప్పు."

"ఆ మీటరు నీ పేరు మీద ఉండకూడదత్తా. మార్పించాలి, లేదంటే తీయించెయ్యాలి."

"తీయించమని ఎవురడగాల?"

"ఎవరి పేరున ఉంటే వాళ్లు."

"అదెవురు?"

రవిబాబు ఆమెని చూశాడు. "నువ్వే" అన్నాడు. అన్నాక తనే ఒకసారి తలుపు వైపు చూసుకున్నాడు. ఆ ఊళ్లో వరహాలరావుని కాదన్న ఉద్యోగి బదిలీ కాకుండా ఉండడు. అయినా కాగితం తీసి దరఖాస్తు రాశాడు. నా పేరున ఉన్న ఫలానా నంబరు కనెక్షను నాకు అక్కర్లేదు, తొలగించగలరు. గంగ వేలిముద్ర వేసింది. ఆ చేతికి వేలిముద్ర కొత్త కాదు. తనకి తానుగా కావాలని వేసింది మాత్రం అదే మొదటిసారి.

కరెంటాఫీసులో దరఖాస్తు రెండు వారాలు పడుకుంది. గంగ రోజు విడిచి రోజు వెళ్లి ఆ మెట్ల మీద కూర్చునేది. బిల్లు బకాయి ఏమైనా ఉందేమోనని వెతికారు. లేదు. వరహాలరావు బిల్లు ఒక్కరోజు ఆలస్యం చేసే మనిషి కాదు. ఆధారు సరిపోయింది, ముద్ర సరిపోయింది. ఇక ఆపడానికి సాకు దొరక్క, డిసెంబరులో ఒక శనివారం మధ్యాహ్నం లైన్‌మన్ మంగరాజు తిట్టుకుంటూ నిచ్చెన భుజాన వేసుకున్నాడు.

"ఈయాలే కావాలేటమ్మా నీకు? గదులన్నీ నిండిపోయి ఉన్నాయట. నన్ను చంపేస్తారు."

"ఓనరమ్మని నానే కదా. నన్నడగమను" అంది గంగ.

మంగరాజు స్తంభం ఎక్కుతుంటే గంగ గేటు పక్కన పచ్చి నేరేడు కొమ్మ పాతింది. ఆరేళ్లుగా పాతాలనుకున్న కొమ్మ. పైన తీగ తెగింది. పాటలు ఆగిపోయాయి. నీళ్ల మోటారు ఆగింది, వంటింటి మిక్సీలు ఆగాయి. ఆ చప్పుడు లేకపోయేసరికి కింద గెడ్డ పారుతున్న చప్పుడు వినపడింది. బుధు ఉన్నప్పుడు ఈ చెక్కలో నిలబడితే ఎప్పుడూ వినపడేదే. గంగ కొమ్మ పట్టుకుని వింటూ నిలబడింది. కళ్లలో నీళ్లు తిరిగాయి.

ఆమె కళ్లు తుడుచుకునే లోపలే జనరేటరు గుర్రుమని లేచింది. లోపల కుర్రాళ్లు ఈలలు వేశారు. పాట ఆగిన చోటు నుంచే అందుకుంది. కొమ్మ చూసి ఒకమ్మాయి ముచ్చటపడి, దాని పక్కన నిలబడి ఫోటో దిగింది. సాయంత్రానికి వాచ్‌మన్ దాన్ని పీకి చెత్తలో వేశాడు.

మర్నాడు వరహాలరావు సాలూరు నుంచి వచ్చాడు. అరుస్తాడనుకుంది. అరిస్తే తనూ అరిచేది. ఆయన గంగ ఇంటి అరుగు మీద కూర్చుని మంచినీళ్లు అడిగి తాగాడు.

"తొందరపడ్డావు గంగా. నేనెవరి పొట్టా కొట్టలేదు. పన్నెండు మందికి పని ఇచ్చాను. నేను రాకపోతే మీ ఊరికి రోడ్డొచ్చేదా?"

"రోడ్డు మీ కార్లకి వొచ్చినాది బాబూ. మాకైతే బుధు మంచాన పడిన నాడే రావాల."

"మరిప్పుడు ఆ రోడ్డు మీద అంబులెన్సు వస్తందా లేదా?"

వస్తోంది. అదే గంగకి మండుకొచ్చింది. ఆయన చెప్పే దాంట్లో సగం నిజం ఉంటుంది. ఆ సగం పట్టుకుని మిగతా సగం తినేస్తాడు. "కష్టపడి పెట్టుబడి పెట్టినవాడు నాలుగు రాళ్లు చూసుకోకూడదా?" అన్నాడాయన లేస్తూ. ఇంక పనిలోకి రానక్కర్లేదని కూడా చెప్పాడు, మెత్తగానే.

మరి నేను పెట్టిన కొండేటయింది? ఈ మాట గంగకి ఆయన జీపు మలుపు తిరిగి పోయాక తట్టింది. ఎప్పుడూ అంతే. సరైన మాట మనిషి వెళ్లిపోయాకే వస్తుంది. గంగ అరుగు మీద కూర్చుని ఆ మాటని నాలుగుసార్లు పైకి అనుకుంది. వినేవాడు లేడు.

పది రోజుల్లో కొత్త స్తంభం లేచింది. గంగ చెక్కలో కాదు. ఆనుకునే ఉన్న బేబి చెక్కలో. బేబి గంగకి తోటికోడలు, బుధు తమ్ముడు ధర్మ పెళ్లాం. ధర్మ విశాఖలో మేస్త్రీ పనికి పోతే, ఇద్దరు పిల్లల్ని పెట్టుకుని ఊళ్లో ఉంటోంది. ఆ ఇంటికి ఎర్ర కోడి వెళ్లింది, కల్లుకుండ వెళ్లింది. బేబి చెక్కలోంచి తీగ లాగి రిసార్టుకి కలిపారు. దుప్పట్లు ఉతికే పని బేబికి ఇచ్చారు.

గంగ పరుగున వెళ్లింది. "ఓసి పిచ్చిదానా, కాగితం మీద ముద్ర ఎందుకేసినావే? నా కార్డేటయ్యిందో సూసినావు కదా!"

"నీకొచ్చినప్పుడు నువ్వెయ్యలేదేటప్పా?" అంది బేబి. "రెండేళ్లు జీతం తిన్నావు. నాకొచ్చేసరికి కడుపుమంటొచ్చిందేటి?"

ఆ మాట గంగకి గుచ్చుకుంది. కడుపుమంటే! తన కడుపులో మండేది ఆకలి. వెనక్కి తిరిగి వచ్చేసింది. ఆరు నెలలు ఇద్దరికీ మాటల్లేవు. ఒకే బోరింగు దగ్గర నీళ్లు పట్టుకుంటూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు.

ఆ ఆరు నెలలూ గంగ ఎలా బతికిందో చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. కాఫీ కోతలున్నన్నాళ్లు కూలికి పోయింది. కోతలైపోయాక పనసకాయలు ఉడకేసుకుంది. మామిడి టెంకలు నానబెట్టి, దంచి, జీడి కడిగి అంబలి కాచుకుంది. చిన్నప్పుడు కరువులో తల్లి కాచిన అంబలి అది. మళ్లీ ఆ రోజులు చూస్తాననుకోలేదు. రోడ్డు మీద కార్లు వరసగా పోతుంటే, పొయ్యి ముందు కూర్చుని అదే అంబలి కలిపింది. కోపం వస్తే కుండ మీద చూపించింది. ఒక కుండ పగిలింది కూడా.

జూన్ పరిశీలన అయిపోయింది. జూలై మొదటి వారంలో గంగ సంచి పట్టుకుని డిపోకి వెళ్లింది. వరసలో తన వెనకే బేబి నిలబడి ఉంది. ఇద్దరూ చెరో వైపు చూస్తూ నిలబడ్డారు. గంగ వేలు పెట్టింది. మిషను పచ్చలైటు వెలిగింది. ఏడాది తర్వాత గంగ సంచిలో బియ్యం పడ్డాయి. ఆ జల్లు చప్పుడు వింటూ సంచి మూతి పట్టుకుని నిలబడింది.

వెనకాల మిషను కీచుమంది.

"నీ కార్డు లేదమ్మా" అన్నాడు డిపో అతను బేబితో.

బేబి మళ్లీ వేలు పెట్టింది. చీరకి తుడుచుకుని ఇంకోసారి పెట్టింది. తర్వాత గంగ వైపు చూసింది. ఆరు నెలల తర్వాత తనవైపు తిరిగిన ఆ చూపు చూసి గంగ సంచి మూతి బిగించి ముడివేసి, "పద" అంది. ఇద్దరూ సచివాలయానికి నడిచారు. రవిబాబు నంబరు కొట్టి, తెర చూసి, పెన్ను సర్దుకున్నాడు.

"నీ మీటరు పోయింది కాబట్టి నీ కార్డు వచ్చిందత్తా. బేబి అత్త పేరున ఇప్పుడు..."

"నా కార్డు నాకు రాలేదు రవిబాబూ" అంది గంగ. "దీని కార్డు లాగి నాకిచ్చినారు. ఏడాది కొట్టుకుని నాను సేసింది ఇదా? సావుకారుకి ఒక్క దీపమైనా ఆరిందేటి? ఆయన గదులు గదుల్లాగే ఉన్నాయి. ఈ కొండమీద పేదోళ్లమే ఒకరి మూతికాడిది ఒకరం లాక్కుని తింటన్నాం."

నేను పైవాళ్లకి రాస్తాను అన్నాడు రవిబాబు. రాస్తాడు కూడా, మంచి కుర్రాడే.

దారిలో చింతచెట్టు కింద గంగ ముడి విప్పి బియ్యం సగం బేబి సంచిలో పోసింది. బేబి వద్దనబోయింది. "నోర్ముయ్, పిల్లలున్నారు" అంది గంగ. బేబి ఏడ్చేసింది.

"నా మీటరు కూడా తీయించేద్దుమా అప్పా?"

"తీయించేద్దుం. తరవాత?"

ఇద్దరూ వాలు పైకి చూశారు. గంగ చెక్క తర్వాత బేబి చెక్క. బేబి చెక్క మీద సుక్రు చెక్క. సుక్రు ఒంటరి ముసలాయన. ఆ చెక్కలో మూడో పంట మొన్నటితో అయిపోయింది. ఈ ఏడు పడావు. ఆ సంగతీ, జూన్ పరిశీలనలో బేబి కార్డు పోతుందన్న సంగతీ వరహాలరావుకి తెలియకుండా ఉంటుందా? కుక్కల పేర్లు గుర్తుపెట్టుకునే మనిషి! గంగ సంచి నెత్తికెత్తుకుంది. "బేగి నడు" అంది. ఇద్దరూ ఇంటికి పోకుండా సుక్రు ఇంటికి ఎక్కారు.

వాకిట్లో గుంజకి ఎర్ర కోడి కట్టేసి ఉంది. కాలికి కొత్త నైలాన్ తాడు. పక్కన ఆకు మూసిన కల్లుకుండ.

"రండి రండి" అన్నాడు సుక్రు నవ్వుమొహంతో. "మంచి రోజున వొచ్చినారు. సావుకారొచ్చి ఎల్లినాడు. ఎంత మర్యాదస్తుడో! రేపు జాకరమ్మ కాడ కోసుకుని తిందుం."

"ముద్ర ఏసినావేటి?" అంది గంగ.

"కాగితాలు పది రోజులు పోయాక తెస్తానన్నాడు."

గంగ అరుగు మీద కూలబడి ఊపిరి పీల్చుకుంది. తర్వాత తన సగం సంచి, బేబి సగం సంచి పక్కపక్కన పెట్టి, జరిగిందంతా చెప్పింది. సుక్రు మధ్యలో ఒకసారి, "నాకు కార్డు బియ్యమే కదే ఆధారం" అన్నాడు. తర్వాత కోడిని చూశాడు. చైత్రంలో ఇటుకల పండుగ తర్వాత ఆయన కోడి కూర తిన్నది లేదు. గుటక మింగాడు. ఆ గుటక చూసి గంగకి సావుకారు మీద ఎన్నడూ రానంత కోపం వచ్చింది.

"కోడిని ఎనక్కి పంపితే అమ్మకి కోపం రాదేటే?" అన్నాడు చివరికి.

"రానీ. వొస్తే నా మీదకి రమ్మను. నాకూ బోలెడు కోపం ఉన్నాది, ఇద్దరం తేల్చుకుంటాం."

సుక్రు లేచి, గుంజ దగ్గర తాడు తనే విప్పాడు. కోడిని గంగ చేతికిచ్చాడు. తర్వాత తలదించుకుని, "కల్లు సగం తాగీసినానే" అన్నాడు. "రేపు నింపి ఇచ్చేద్దును గావాల."

"కుండ ఉంచుకో మావా. దానికి ముద్రేటీ అక్కర్లేదు" అంది బేబి.

కోడిని చంకన బిగించుకుని గంగ సాలూరు బస్సు కోసం కిందకి దిగింది. పక్కనే బేబి. కోడి గింజుకుంటూ కొండంతా వినపడేటట్టు అరుస్తోంది. సుక్రు చెక్కకి పైన గాసి చెక్క ఉంది. వచ్చే ఏడు అదీ పడావే. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. పైకి అనకుండా దిగుతున్నారు.